మొక్కజొన్న చేనుకీ బోరుకీ మధ్య గడ్డి వేస్తే నైట్రేట్ ఆగుతుందా?

విభాగం: గుంటూరు – విజయవాడ రైతుల చర్చ / పశుగ్రాసం, ఎరువులు

ఆదివారం_రైతు (జూన్ 8, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. ఉద్యోగం గుంటూరులో, ఊరు కొల్లిపర దగ్గర. రెండెకరాల పొలం, ఇంటి వెనక ఐదు గేదెలు. అన్నీ నాన్నే చూసుకుంటారు. నేను ఆదివారం వెళ్ళి సలహాలిచ్చి, తిట్లు తిని, సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తాను.

ఇంట్లో ఆర్వో మెషిన్ పెట్టిద్దామని బోరు నీళ్ళు గుంటూరులో ల్యాబ్‌కి ఇచ్చాను. ఉప్పు ఎక్కువుంటుందేమో అనుకున్నా, అది బాగానే ఉంది. నైట్రేట్ మాత్రం లీటరుకు 78 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీళ్ళలో 45 దాటకూడదట. అక్కకి ఎనిమిది నెలల పాప. వేసవికి ఇక్కడికే వచ్చారు, డబ్బా పాలు ఆ నీళ్ళతోనే కలుపుతున్నారు. రిపోర్టు చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

బోరు 28 అడుగుల ఫిల్టర్ పాయింట్ (ఇసుక పొరలోకి దించిన తక్కువ లోతు గొట్టం బావి). మాది ఇసుక కలిసిన ఒండ్రు నేల. ఇంటి దడి దాటితే పుంత, పుంత దాటితే మా చేను. వరి కోశాక మొక్కజొన్న వేస్తాం, ఎకరానికి ఆరు కట్టల యూరియా పడుతుంది.

కొన్ని జాతుల గడ్డి వేర్లు నత్రజనిని నైట్రేట్‌గా మారకుండా ఆపుతాయని చదివాను. చేనుకీ పుంతకీ మధ్య ఆరడుగుల వెడల్పున అలాంటి గడ్డి వేస్తే బోరులోకి రావడం తగ్గుతుందా? ఏ గడ్డి వెయ్యాలి? నాన్నని అడిగితే "గడ్డి యూరియా తింటది గానీ కాపలా కాస్తదా" అన్నారు.

చాఫ్‌కట్టర్ (జూన్ 8, రాత్రి 9:52)

సూపర్ నేపియర్ వెయ్యి అన్నా, ఇంకేం ఆలోచించకు. నా దగ్గర ముచ్చెలు (నాటే కాండం ముక్కలు) ఉన్నాయి. మంగళగిరి వచ్చి తీసుకెళ్తే కణుపు రూపాయి, ఐదొందలు దాటితే

మాడరేటర్ (జూన్ 8, రాత్రి 10:05)

చాఫ్‌కట్టర్, అమ్మకాలకి వేరే విభాగం ఉంది. మిగతా సగం తీసేశాను.

నల్లరేగడి (జూన్ 8, రాత్రి 10:31)

ఆరు కట్టలా? మొక్కజొన్న తింటోందా, భూదేవి తింటోందా తమ్ముడూ? నేనేదో బుద్ధిమంతుణ్ణి అనుకోకు. మిర్చిలో నేను చేసే పాపం ఇంతకన్నా తక్కువేం కాదు. పక్క చేను నల్లగా నిగనిగలాడుతుంటే మన చెయ్యి ఊరుకోదు.

గడ్డి కాపలా కాస్తుందన్న మాట మాత్రం నాకూ నమ్మబుద్ధి కావడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బాపట్ల_92_బ్యాచ్ (జూన్ 9, ఉదయం 6:15)

ముందు పాప సంగతి. ఆ నీళ్ళు కాచి వాడుతున్నాం కదా అని ధీమాగా ఉండొద్దు. కాస్తే నీరు ఆవిరైపోతుంది, నైట్రేట్ ఉండిపోతుంది, ఇంకాస్త చిక్కబడుతుంది. ఆరు నెలలలోపు పిల్లలకి ప్రమాదం ఎక్కువ. మీ పాప ఆ వయసు దాటింది, అయినా ఇవాళ్టి నుంచే పాలకు వేరే నీళ్ళు వాడండి. ఆర్వో పెడితే నైట్రేట్ చాలావరకు పోతుంది.

ఇక లెక్క. కట్ట 45 కిలోలు, యూరియాలో నత్రజని 46 శాతం. అంటే కట్టకి 20.7 కిలోలు, ఆరు కట్టలకి ఎకరానికి 124 కిలోలు. ఇంత వేసినప్పుడు పైరు తీసుకోగా మిగిలింది ఎటో ఒకటు పోవాలి కదా.

యూరియా మట్టిలో పడ్డ కొద్ది రోజుల్లో అమ్మోనియం అవుతుంది. అది ధనావేశం, బంకమట్టి రేణువు రుణావేశం, అందుకని పట్టుకుని కూర్చుంటుంది. తర్వాత నైట్రోసోమోనాస్ లాంటి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ నైట్రేట్‌కి మట్టితో చుట్టరికం లేదు. నీరు ఎటు పోతే దాని వెంట పోతుంది. మీ ఇసుక నేలలో కిందికి దిగుతుంది. నల్లరేగడి గారి చేలో నీరు నిలిచి గాలి ఆడకపోతే వేరే సూక్ష్మజీవులు దాన్ని వాయువు చేసి పైకి పంపేస్తాయి. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 273 రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువది. మొక్కజొన్న మిగిల్చిన నైట్రేట్ నేలలో ఉండగా దమ్ము చేసి నీళ్ళు పెట్టినా జరిగేది ఇదే.

మీరు చదివింది బ్రాకియేరియా హ్యూమిడికోలా అనే గడ్డి గురించి అయ్యుంటుంది. పుట్టిల్లు ఆఫ్రికా, మెట్టినిల్లు దక్షిణ అమెరికా. అక్కడ పశువుల బీళ్ళలో విరివిగా ఉంటుంది. దాని వేర్లు బ్రాకియలాక్టోన్ అనే పదార్థాన్ని వదులుతాయి. ఆ సూక్ష్మజీవులు అమ్మోనియాని మార్చడానికి వాడే ఎంజైముల్లో రెండింటిని ఇది అడ్డుకుంటుంది. అమ్మోనియం తగిలిన వేరే దీన్ని వదులుతుంది, తగలని వేరు వదలదు. కొలంబియాలో ఈ గడ్డి వేసిన మూడేళ్ళకే నేలలో ఆ సూక్ష్మజీవుల సంఖ్య, నైట్రేట్ తయారీ, నైట్రస్ ఆక్సైడ్ మూడూ తగ్గినట్టు 2009లో ప్రచురించారు.

ఆ పరిశోధనకి ముందు నిలిచిన శాస్త్రవేత్త జపాన్‌లో సుకుబా పట్నంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన సుబ్బారావు గారు. పూర్తి పేరు గుంటూరు వెంకట సుబ్బారావు. అవును, ఇంటిపేరే గుంటూరు.

నల్లరేగడి (జూన్ 9, ఉదయం 7:02)

గుంటూరు సుబ్బారావు జపాన్‌లో కూర్చుని కొలంబియా గడ్డి గురించి చెబితే కొల్లిపరలో మనం ఆశ్చర్యపోతున్నాం. బాగుంది సార్.

పాడి_అక్క (జూన్ 9, ఉదయం 8:20)

మాది కంకిపాడు వైపు, 18 గేదెలు. సార్, మురుగు కాలవల పక్కన పెరిగే పారా గడ్డి కూడా బ్రాకియేరియానే అని ఎక్కడో విన్నాను. మా మామగారి కాలం నుంచి మేం కోస్తున్నది అదే. మరి అది కూడా ఈ పని చేస్తుందా?

బాపట్ల_92_బ్యాచ్ (జూన్ 9, ఉదయం 8:47)

నిజమేనమ్మా, పారా గడ్డి బ్రాకియేరియా మ్యూటికా. ఒకే ఇంటి పిల్లలు. అయినా ఇంట్లో అందరికీ ఒకే విద్య రాదు కదా. పరీక్షించిన మేత గడ్డుల్లో హ్యూమిడికోలాది పైచేయి. గినీ గడ్డి బాగా వెనకబడింది. పారా గడ్డిని నేను ఈ పనికి కాకుండా ఇంకో పనికి మెచ్చుకుంటాను. మురుగు నీళ్ళలో మునిగి తేలుతూ బతుకుతుంది, ఆ నీళ్ళలో ఉన్న నత్రజనిని తాగేస్తుంది. నైట్రేట్ కాకుండా ఆపడం ఒక విద్య, అయిన నైట్రేట్‌ని తినెయ్యడం ఇంకొకటి. నేపియర్ ఈ రెండో విద్యలో దిట్ట. చాఫ్‌కట్టర్ బాబు తెలియక చెప్పినా తప్పు చెప్పలేదు.

చాఫ్‌కట్టర్ (జూన్ 9, ఉదయం 8:50)

తెలిసే చెప్పాను సార్ 😀

నల్లరేగడి (జూన్ 9, మధ్యాహ్నం 1:15)

నాకో విషయం గుర్తొచ్చింది. మా నాయనమ్మ జొన్న కోసిన చేను వైపు చూపించి "జొన్న నేల సారం లాగేస్తది, మళ్ళీ పంటకి ఒక దుక్కి ఎక్కువ దున్నాల" అనేది. జొన్న తర్వాత వేసిన పైరు మొదట్లో పాలిపోయినట్టు ఉండటం నేనూ చూశాను. దీనికీ మీరు చెప్పే కథకీ సంబంధం ఉందా సార్?

బాపట్ల_92_బ్యాచ్ (జూన్ 9, రాత్రి 8:10)

కొంత ఉంది, కొంత లేదు. పాలిపోవడానికి మొదటి కారణం జొన్న మోళ్ళు. వాటిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకి కావలసిన నత్రజనిని నేలలోంచి లాక్కుంటాయి, కొత్త పైరుకి కొన్నాళ్ళు పస్తు. మీ నాయనమ్మ గారి ఇంకో దుక్కి మందు సరైనదే, కుళ్ళడం తొందరగా అయిపోతుంది.

రెండోది, జొన్న వేరు మీద పసుపుపచ్చని జిడ్డు ఊరుతుంది. దానిలో సోర్గోలియోన్ ఉంటుంది. కలుపు మొలకల్ని అణిచేది అదే, నైట్రేట్ తయారీని తగ్గించేదీ అదే. మొక్కజొన్న వేరులోనూ ఇలాంటి పదార్థాన్ని 2021లో గుర్తించారు. అదే ఏడాది గోధుమలో ఇంకో అడుగు పడింది. ఇసుక దిబ్బల మీద పెరిగే లైమస్ అనే అడవి గడ్డి క్రోమోజోము ముక్కని సంకరం ద్వారా గోధుమలోకి ఎక్కించారు, ఈ గుణం గోధుమకీ వచ్చింది.

అయితే ఆశలు పెంచుకునే ముందు ఒక చిక్కు. జొన్న వేరు ఈ పదార్థాల్లో నీటిలో కరిగే రకాన్ని బాగా వదలాలంటే వేరు చుట్టూ కాస్త ఆమ్లగుణం ఉండాలి. హ్యూమిడికోలా పేరు తెచ్చుకున్నది కూడా ఆమ్ల నేలల్లోనే. మన గుంటూరు నల్లరేగడి చాలాచోట్ల క్షారం వైపు ఉంటుంది. అక్కడ పని చేసినంతగా ఇక్కడ చేస్తుందని నేను పూచీ పడను. పైగా క్షార నేల మీద యూరియా చల్లి వదిలేస్తే అమ్మోనియాగానే గాలిలో కలిసిపోతుంది. నైట్రేట్ కాకుండా ఆపాం కదా అని మురిసిపోయే లోపు అది ముక్కుకి తగిలి పోతుంది.

ఎరువుల_కొట్టు (జూన్ 9, రాత్రి 9:33)

ఇంత దూరం ఎందుకండీ, వేపపూత యూరియా ఉంది కదా? 2015 నుంచి దేశంలో రైతులకి అమ్మే యూరియా దాదాపు అంతా వేపపూతదే. అదీ నైట్రేట్ కావడాన్ని నెమ్మదిగా చేసేదే. కట్ట 266 రూపాయల యాభై పైసలు. అందుకేనేమో ఎవరికీ విలువ తెలియడం లేదు. నేను అమ్మేవాణ్ణే అయినా చెబుతున్నాను, కట్టలు పెంచితే వేప ఏం చేస్తుంది?

బాపట్ల_92_బ్యాచ్ (జూన్ 9, రాత్రి 9:58)

కొట్టు గారు బంగారం లాంటి మాట అన్నారు. ఇలాంటివి ఫ్యాక్టరీ మందులూ ఉన్నాయి. న్యూజిలాండ్‌లో పశువుల బీళ్ళ మీద డీసీడీ అనే మందు చల్లేవాళ్ళు. పాలపొడిలో దాని ఆనవాళ్ళు కనిపించడంతో 2013 జనవరిలో అమ్మకం ఆపేశారు. ఆ తర్వాత వేరులో నుంచే వచ్చేది ఉంటే మేలు కదా అని గడ్డి మీద చూపు ఇంకా పెరిగింది.

ఆదివారం గారూ, మీ ఆరడుగుల పట్టీ సంగతి. గట్టు వెంట గడ్డి పక్కకి పారే నీటిని, వేరు అందినంత లోతు వరకే పట్టగలదు. మీ నేలలో నీరు చేను నడిమధ్య నుంచే నిలువుగా దిగిపోతుంది. అది పట్టీ కింద నుంచి వెళ్తుంది, గడ్డికి తెలియను కూడా తెలియదు. గడ్డి వల్ల నేల మారాలంటే అది అంచున కాదు, చేలోనే ఉండాలి, పంట మార్పిడిలో భాగంగా. కొలంబియాలో ఏళ్ళ తరబడి హ్యూమిడికోలా ఉన్న బీడుని దున్ని మొక్కజొన్న వేస్తే ఎరువు బాగా అందింది, దిగుబడీ పెరిగింది. రెండెకరాల్లో మీ నాన్నగారు దానికి ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.

ఆదివారం_రైతు (జూన్ 9, రాత్రి 10:20)

ఒప్పుకోరు సార్. పశుగ్రాసానికి పది సెంట్లు అడిగితేనే ఆస్తి పంపకాలు అడిగినట్టు చూస్తారు.

పాలకి నీళ్ళు మార్చేశాం. అక్క ముందు నన్నే తిట్టింది, ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదని.

పశువైద్యం (జూన్ 10, ఉదయం 7:40)

నైట్రేట్‌ని తినే గడ్డి అని అందరూ పొగుడుతున్నారు, తిన్నది ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు. కాండంలో దాచుకుంటుంది, ముఖ్యంగా అడుగు భాగంలో. యూరియా దట్టించిన జొన్నచొప్ప గానీ నేపియర్ గానీ, బెట్టకి ఆగిపోయి వాన పడగానే ఎదిగినప్పుడు కోసి ఖాళీ కడుపు మీద వేస్తే, గేదె పొట్టలో నైట్రేట్ నైట్రైట్ అయి రక్తంలోకి పోతుంది. రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు, చాక్లెట్ రంగులోకి మారుతుంది. సాయంత్రం బాగానే మేసిన గేదె తెల్లారేసరికి ఉండదు. మిథిలిన్ బ్లూ సూది ఉంది గానీ డాక్టరు వచ్చేదాకా గేదె ఆగాలి.

అందుకని అలాంటి గడ్డిని అడుగున జానెడు వదిలి కొయ్యండి. ఎండుగడ్డి వేశాకే పచ్చిగడ్డి వెయ్యండి. యూరియా వేసిన వారం, పది రోజుల్లో కొయ్యొద్దు.

పాడి_అక్క (జూన్ 10, ఉదయం 9:05)

డాక్టరు గారు చెప్పింది అక్షరాలా నిజం. మా పక్క ఊళ్ళో రెండు గేదెలు ఇలాగే పోయాయి, పాము కరిచిందనుకున్నారు.

ఆదివారం తమ్ముడూ, నిన్నటి నుంచి ఒక మాట అడగాలని ఉంది. మీ పేడదిబ్బ ఎక్కడుంది? బోరుకి ఎంత దూరం? పాక కడిగిన నీళ్ళు ఎటు పోతాయి?

నల్లరేగడి (జూన్ 10, ఉదయం 9:30)

అక్క మంచి పాయింటు పట్టింది. ఇంకో పని కూడా చెయ్యి తమ్ముడూ. చేలో మోటారు బోరు ఉందిగా? ఆ నీళ్ళూ పరీక్ష చేయించు. దొంగ చేలో ఉన్నాడో పెరట్లో ఉన్నాడో తేలిపోతుంది.

ఆదివారం_రైతు (జూన్ 15, రాత్రి 8:55)

ఈ ఆదివారం కొలిచి వచ్చాను. పేడదిబ్బ నుంచి బోరుకి 14 అడుగులు. అడుగులంటే నా అడుగులు కూడా కాదు, టేపుతో. పాక కడిగిన నీళ్ళు బోరు వెనక ఉన్న గుంటలోకి పోతున్నాయి. గుంట ఎప్పుడూ నిండదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, ఎందుకు నిండదో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇసుక నేల, తాగేస్తోంది.

చేలో మోటారు బోరు నీళ్ళు ఈ వారమే ల్యాబ్‌కి ఇచ్చాను, రిపోర్టు వచ్చింది: 31. ఇంటి బోరు 78, చేను బోరు 31. ఆరు కట్టలు వేసే చేలో 31.

నాన్న రిపోర్టు అటూ ఇటూ తిప్పి చూసి "చూశావా, నా యూరియా మీద పడ్డావు" అన్నారు. ఇక ఆయన్ని ఆపడం కష్టం.

బాపట్ల_92_బ్యాచ్ (జూన్ 15, రాత్రి 9:30)

మీ నాన్నగారి యూరియాకి క్లీన్ చిట్ ఇవ్వను, 31 కూడా ఊరికే రాలేదు. కానీ అసలు దొంగ దొరికినట్టే ఉంది.

గేదె తిన్న నత్రజనిలో పాలలోకి వెళ్ళేది సుమారు పావు వంతు. మిగతా ముప్పావు వంతు పేడలో, మూత్రంలో బయటికి వస్తుంది. మూత్రంలో ఉన్న నత్రజనిలో ఎక్కువ భాగం యూరియానే. రసాయనంగా కొట్లో కొన్నదానికీ దీనికీ తేడా లేదు. పాకలో పొద్దున్నే కళ్ళు మండే ఘాటు అదే, యూరియా అమ్మోనియా అయి పోతోందన్నమాట. చేలో యూరియా ఏడాదికి మూడు సార్లు పడితే, మీ గుంటలో రోజుకి రెండుసార్లు పడుతోంది. గుంట మీద ఒక్క గడ్డిపోచ కూడా లేదు. దిబ్బ మీద వాన పడ్డప్పుడల్లా దిగేది వేరే.

ఇప్పుడు గడ్డి మాట మళ్ళీ ఎత్తవచ్చు. టన్ను పచ్చి నేపియర్‌లో నూటికి 20 పాళ్ళు ఎండు పదార్థం అనుకుంటే 200 కిలోలు. అందులో మాంసకృత్తులు 9, 10 శాతం అంటే నత్రజని శాతంన్నర. అంటే టన్ను గడ్డి కోసి మోసుకొస్తే దాదాపు 3 కిలోల నత్రజని నేల నుంచి పైకి తెచ్చినట్టు, ఆరున్నర కిలోల యూరియాతో సమానం. ఆ పాక నీళ్ళని గుంటకి కాకుండా నేపియర్ మడికి పంపితే, అదే నత్రజని మళ్ళీ గాడిలోకి వస్తుంది. గుంటలో దిగిపోయేది గేదె చుట్టూ తిరుగుతుంది.

ఇంకో సంగతి. గడ్డికీ పైరుకీ పెద్ద తేడా వేరు లోతొక్కటే కాదు. ఏప్రిల్‌లో కోత అయ్యాక మన చేలు ఖాళీ. ఎండకి ఎండిన నేల మీద తొలకరి పడగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా నిద్ర లేచి నైట్రేట్ తయారు చేస్తాయి. తినేవాళ్ళు లేరు. తర్వాతి వానకి అది కిందికి పోతుంది. గడ్డి అప్పటికే వేళ్ళూని ఉంటుంది కాబట్టి ఆ మొదటి ముద్ద అదే తింటుంది. డెల్టాలో వరి కోతల ముందు పిల్లిపెసర, జనుము చల్లి నేలని ఖాళీ ఉంచకపోవడం మన పెద్దలకి అలవాటేగా.

చాఫ్‌కట్టర్ (జూన్ 15, రాత్రి 9:41)

అన్నా, ముచ్చెలు ఊరికే ఇస్తా. పాప కోసం. మాడరేటర్ గారూ ఇది అమ్మకం కాదు.

పాడి_అక్క (జూన్ 16, ఉదయం 10:10)

తమ్ముడూ, పాక నీళ్ళు గడ్డికి పెట్టడంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు.

మొదటి ఏడాది కడిగిన నీళ్ళని కాలువ తీసి నేరుగా మడిలోకి వదిలాను. వారంలో బోదె మొదట్లో ఉన్న దుబ్బులు ఆకు చివర్లు మాడి గోధుమ రంగుకి తిరిగాయి. చివరి దుబ్బులకి నీళ్ళే అందలేదు. పేడ పీచు కాలువలో పేరుకుపోయి గట్టిపడింది. మొదట్లో విషం, చివర్లో పస్తు.

ఇప్పుడు పాక చివర నాలుగడుగుల సిమెంటు కుండీ ఉంది. కుండీ మూతికి పాత గోనెసంచి కట్టాను, పీచు అక్కడే ఆగుతుంది. దాన్ని రోజూ తీసి దిబ్బ మీద వేస్తాం. కుండీలో ఒక వంతు పాక నీళ్ళకి మూడు, నాలుగు వంతుల మంచినీళ్ళు కలిసేలా మోటారు నీళ్ళు వదులుతాం. మడిని నాలుగు ముక్కలు చేశాం, రోజుకో ముక్కకి పెడతాం. వానాకాలం నీళ్ళు పెట్టే పనే లేదు కదా, అప్పుడు కుండీ నిండకుండా చూడటమే తలనొప్పి. ఆ రోజుల్లో పేడ ముందు పారతో ఎత్తేసి, కడగడం తగ్గిస్తాం.

యూరియా కొనడం ఆ మడికి పూర్తిగా మానేశాను. 40, 45 రోజులకి కోత వస్తూనే ఉంది.

దిబ్బని అయితే ముందు అక్కణ్ణుంచి తీసెయ్. ఎత్తైన చోట, అడుగున బంకమట్టి కొట్టి, పైన తాటాకులైనా టార్పాలిన్ అయినా కప్పు.

ఆదివారం_రైతు (ఆగస్టు 17, రాత్రి 9:15)

రెండు నెలలకి వస్తున్నా, క్షమించండి.

దిబ్బ చేను మూలకి మార్చాం, బోరుకి 60 మీటర్ల పైనే. నాలుగు ట్రాక్టర్ ట్రిప్పులు. అడుగుకి వెళ్ళేకొద్దీ నల్లటి, తడి, అసలు వాసన లేని ఎరువు. నాన్న గుప్పెడు తీసి నలిపి "ఇది పసుపుకి వేసుంటేనా" అన్నారు. పదేళ్ళుగా అక్కడే ఉంది, ఎవరు ఆపారు?

గుంట పూడ్చాం. కుండీ కట్టాం. చాఫ్‌కట్టర్ తమ్ముడు ఇచ్చిన ముచ్చెలతో 12 సెంట్లలో నేపియర్, మురుగు బోదె పక్కన పారా గడ్డి. హ్యూమిడికోలా విత్తనం ఎక్కడా దొరకలేదు, వెతకడం మానేశాను.

ఒక చిన్న సంగతి. పాత గట్టు మీద ఎప్పటి నుంచో ఉన్న నేపియర్ దుబ్బు ఒకటి కుండీకి అడ్డొచ్చి తవ్వాల్సి వచ్చింది. గునపం, పార తీసుకుని నేనూ నాన్నా దిగాం. అర గంట తవ్వినా వదల్లేదు. నా నడుం లోతు గుంట అయింది, అడుగున ఇసుక పొరలో కూడా దారాల్లాంటి తెల్లటి వేర్లు, పట్టి లాగితే ఇసుక రేణువులు అంటుకుని వస్తున్నాయి. పక్కనే చేలో పోయినేడు మొక్కజొన్న మోడు ఒకటి పీకి చూశాను. దాని వేరు గుబురంతా మోకాలి లోపే అయిపోయింది. నాన్న రెండూ పక్కపక్కన పెట్టి కాసేపు చూశారు. ఏమీ అనలేదు. బీడీ ముట్టించుకున్నారు.

నల్లరేగడి (ఆగస్టు 17, రాత్రి 9:24)

బీడీ ముట్టించారంటే సగం ఒప్పుకున్నట్టే.

ఆదివారం_రైతు (నవంబరు 23, రాత్రి 8:30)

ఇంటి బోరు నీళ్ళు మళ్ళీ ఇచ్చాను. 61 వచ్చింది. జూన్‌లో 78.

చాఫ్‌కట్టర్ (నవంబరు 23, రాత్రి 8:34)

గడ్డి గెలిచింది అన్నా!! 🎉

బాపట్ల_92_బ్యాచ్ (నవంబరు 23, రాత్రి 9:10)

తొందరపడొద్దు బాబూ. మొదటి నమూనా ఎండాకాలం చివర తీసింది, ఇది వానలన్నీ అయ్యాక. కాలవ నీళ్ళు, వాన నీళ్ళు భూమిలోకి ఇంకి పలచబడటం వల్ల కూడా ఇంత తగ్గుతుంది. పదేళ్ళుగా దిగిన నైట్రేట్ ఐదు నెలల్లో కడుక్కుపోదు. మళ్ళీ మే నెలలో, అదే బోరు, అదే ల్యాబ్, మోటారు పది నిమిషాలు ఆడాక పట్టిన నీళ్ళు. అప్పుడు మాట్లాడదాం. అప్పటిదాకా ఆర్వో ఆపకండి.

మొక్కజొన్న ఎప్పుడు వేస్తున్నారు? ఎన్ని కట్టలు?

ఆదివారం_రైతు (నవంబరు 23, రాత్రి 9:48)

డిసెంబరు రెండో వారం సార్. నాలుగు కట్టలకి దిగారు. నాలుగూ విడతలుగా, చల్లడం కాకుండా మొక్క పక్కన వేసి మట్టి కప్పేలా. కూలి ఎక్కువవుతుందని రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి "ఒక ఎకరంలో నువ్వన్నట్టు, ఇంకో ఎకరంలో నేనన్నట్టు" దగ్గర ఆగింది.

ఎరువుల_కొట్టు (నవంబరు 23, రాత్రి 9:55)

రెండెకరాల దిగుబడులూ విడివిడిగా తూకం వేయించి ఇక్కడ పెట్టండి. నాకు బేరం తగ్గినా ఫర్వాలేదు, తెలుసుకోవాలని ఉంది.

పాడి_అక్క (నవంబరు 23, రాత్రి 10:02)

గోనెసంచి మారుస్తున్నారా తమ్ముడూ? నెలకోసారి మార్చకపోతే చివికి పీచంతా మడిలోకి పోతుంది.

ఆదివారం_రైతు (నవంబరు 23, రాత్రి 10:11)

మొన్ననే చివికిపోయింది అక్కా, అమ్మ పాత చీర కట్టింది. గోనెకంటే బాగా ఆపుతోంది.

నేపియర్ మూడో కోత వచ్చే ఆదివారం. ముచ్చెలు కావలసినవాళ్ళు పొద్దున్నే రండి, సంచులు మీరే తెచ్చుకోండి. నాన్నే పెట్టమన్నారు ఈ మాట. కణుపు రూపాయి కాదు, ఊరికే.